హవాయి: పుట్టే దీవి నుంచి మునిగే దీవి దాకా

పసిఫిక్ మహాసముద్రం నడుమ, ఏ ఖండానికీ దగ్గర కాని చోట హవాయి దీవులు ఉన్నాయి. కాలిఫోర్నియా తీరం నుంచి హోనలులుకు దాదాపు 3,800 కిలోమీటర్లు. దారిలో అంతా నీళ్లే. అటు టోక్యో 6,000 కిలోమీటర్ల పైచిలుకు. పటంలో సాధారణంగా కనిపించే పెద్ద దీవులు ఎనిమిది: హవాయి, మావీ, కహోలావె, లనాయి, మొలోకాయి, ఓఆహు, కవాయి, నీహావు. అయితే దీవుల వరుస నీహావుతో ఆగిపోదు. చిన్న చిన్న బండలుగా, ఇసుక దిబ్బలుగా, పగడపు వలయాలుగా వాయవ్య దిశలో సాగి, హవాయి దీవికి 2,400 కిలోమీటర్ల దూరాన కూరె అనే పగడపు వలయం దగ్గర ముగుస్తుంది.

ఇవన్నీ అగ్నిపర్వతాల నుంచి పుట్టినవే. అలాంటి దీవులు ప్రపంచంలో మరెన్నో ఉన్నాయి. హవాయి ప్రత్యేకత దాని వరుసలో ఉంది. ఆగ్నేయ కొసన ఉన్న హవాయి దీవి వయసు పది లక్షల ఏళ్ల లోపే. అది ఇంకా పెరుగుతోంది. ఓఆహు వయసు 30 లక్షల ఏళ్ల పైమాట, కవాయిది 50 లక్షల ఏళ్లు. అదే వరుసలో ఇంకా దూరాన ఉన్న గార్డ్‌నర్ బండలు కోటీ ఇరవై లక్షల ఏళ్లనాటివి, వాటిని దాటాక వచ్చే మిడ్‌వే పగడపు దీవి 2 కోట్ల 80 లక్షల ఏళ్లనాటిది. ఒక దీవి పుట్టడం, ఎదగడం, అరిగిపోవడం, చివరకు నీళ్లలో కలిసిపోవడం అనే దశలన్నీ ఒకే వరుసలో, ఒకదాని పక్కన ఒకటిగా కళ్లకు కనిపించే చోటు భూమ్మీద ఇంత స్పష్టంగా మరొకటి లేదు. హవాయి చూడబోయే ప్రయాణికుడికి ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, అక్కడి కొండ, గండి, ఇసుక, పిట్ట అన్నీ ఒకే కథలోకి వచ్చి చేరతాయి.

కదిలే నేల, కదలని మంట

భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడిపోయి ఉంది. అగ్నిపర్వతాల్లో చాలా భాగం ఈ ఫలకాల అంచుల్లోనే ఉంటాయి. జపాన్, ఇండొనేసియా, ఆండీస్ పర్వతాలు అలాంటివి. హవాయి మాత్రం పసిఫిక్ ఫలకం మధ్యలో, దగ్గరలో ఏ అంచూ లేని చోట ఉంది. అక్కడ నిప్పు ఎందుకు పుట్టిందన్న ప్రశ్న భూవిజ్ఞానులను చాలాకాలం వేధించింది.

అమెరికా అన్వేషణ నౌకల్లో వచ్చిన జేమ్స్ డ్వైట్ డానా 1840-41లో ఈ దీవులను పరిశీలించాడు. వాయవ్యానికి పోయేకొద్దీ కొండలు ఎక్కువగా కోసుకుపోయి ఉన్నాయని, కాబట్టి అటు దీవులు పాతవని గ్రహించాడు. నిజానికి హవాయి ప్రజలు తమ పురాణంలో ఈ వరుసను అంతకు ఎంతో ముందే చెప్పుకున్నారు. అగ్నిదేవత పెలె మొదట కవాయిలో నిప్పుగుంట తవ్వుతుంది. ఆమె అక్క, సముద్రదేవత నమాకా వెంటపడి దాన్ని ఆర్పేస్తుంది. పెలె ఒక్కో దీవినే దాటుకుంటూ ఆగ్నేయానికి వస్తుంది. చివరకు హవాయి దీవిలోని కిలవేయా అగ్నిపర్వత శిఖరాన ఉన్న హలెమౌమౌ గుంటలో స్థిరపడుతుంది. నిప్పు కదిలిన దిశ, సముద్రం దీవిని గెలిచే తీరు రెండూ ఆ కథలో సరిగ్గా ఉన్నాయి. తరతరాలుగా నేలను చూస్తూ బతికిన వాళ్ల పరిశీలన ఇది.

శాస్త్రీయ వివరణ 1963లో వచ్చింది. కెనడా భూభౌతిక శాస్త్రవేత్త జె. టూజో విల్సన్, ఫలకం కింద లోతులో కదలకుండా ఒక వేడి మూలం ఉందని, దాని మీదుగా ఫలకం జరిగిపోతోందని ప్రతిపాదించాడు. దీన్నే హాట్‌స్పాట్ అంటున్నారు. 1971లో జేసన్ మోర్గాన్, ఆ వేడి భూగర్భంలో చాలా లోతు నుంచి పైకి ఉబికే ధార అని దానికి రూపమిచ్చాడు. పొయ్యిలో మంట ఒకేచోట ఉండగా పైన పెనాన్ని మెల్లగా పక్కకు జరుపుతూ పోతే, పెనం మీద కాలిన మచ్చలు వరుసగా పడతాయి. మంట మీద ఉన్నది తాజా మచ్చ, దూరంగా ఉన్నది పాత మచ్చ. పసిఫిక్ ఫలకం ఏటా 7 నుంచి 10 సెంటీమీటర్లు వాయవ్యంగా జరుగుతోంది. అంత మెల్లటి కదలికే కోట్ల ఏళ్లలో వేల కిలోమీటర్ల వరుసను గీసింది.

కూరె తర్వాత కూడా ఆ వరుస ఉంది, కానీ నీళ్ల కింద. మునిగిన కొండల బారు మరికొంత దూరం అదే దిశలో పోయి, ఒక్కసారిగా ఉత్తరానికి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గరి కొండల వయసు సుమారు 4 కోట్ల 70 లక్షల ఏళ్లు. అక్కడి నుంచి ఎంపరర్ కొండలన్న పేరుతో రష్యాలోని కంచట్కా తీరం దాకా వెళ్తుంది. కొసన ఉన్న మేజీ కొండకు 8 కోట్ల ఏళ్లు దాటాయి. మొత్తం బారు దాదాపు 6,000 కిలోమీటర్లు. ఫలకం దిశ మార్చుకోవడమే ఈ మలుపుకు కారణమని చాలాకాలం అనుకున్నారు. మునిగిన కొండల రాళ్లలో దాగిన అయస్కాంత గుర్తులను కొలిచాక, అంతకుముందు హాట్‌స్పాట్ కూడా దక్షిణానికి జరిగిందని తేలింది. అంటే కదలని మంట అన్నది కూడా పూర్తిగా నిజం కాదు; ఫలకంతో పోలిస్తే అది బాగా నిదానం, అంతే.

ఇలాంటి మరో హాట్‌స్పాట్ చరిత్ర తెలుగు నేలలోనూ ఉంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఇప్పుడున్న వేడి మూలమే, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం భారత ఫలకం దాని మీదుగా పోతున్నప్పుడు దక్కన్ లావాను కుమ్మరించిందని భావిస్తున్నారు. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే బసాల్ట్ ఆ లావా గడ్డకట్టినవే. హవాయిలో కాళ్ల కింద కనిపించే రాయి కూడా బసాల్టే. వయసు మాత్రం కొన్నిచోట్ల కొన్ని నెలలే.

పుట్టుక, యవ్వనం

వరుసలో అందరికన్నా చిన్నది ఇంకా నీళ్ల పైకి రాలేదు. హవాయి దీవికి ఆగ్నేయంగా 35 కిలోమీటర్ల దూరాన కామఎహువాకనలోవా అనే అగ్నిపర్వతం సముద్రగర్భంలో పెరుగుతోంది. 2021 దాకా దాన్ని లోఇహి అనేవారు. సముద్రతలం నుంచి 3,000 మీటర్ల పైగా లేచినా, దాని శిఖరం ఇంకా 975 మీటర్ల నీటి కిందే ఉంది. పైకి రావడానికి పదివేల ఏళ్లు, బహుశా లక్ష ఏళ్లు పట్టవచ్చు. ప్రయాణికుడు చూడగలిగింది కాకపోయినా, తర్వాతి దీవి ఎక్కడో తెలిసి ఉండటం మంచిది.

హవాయి దీవిని అక్కడ అందరూ పెద్ద దీవి అంటారు. మిగిలిన దీవులన్నీ కలిపినా దానంత వైశాల్యం లేదు. అయిదు అగ్నిపర్వతాలు ఒకదాని భుజాల మీద ఒకటి పేరుకుని ఈ దీవి తయారైంది: కొహాలా, మౌనా కేయా, హువలాలాయి, మౌనా లోవా, కిలవేయా. మౌనా కేయా సముద్రమట్టానికి 4,207 మీటర్ల ఎత్తు. సముద్రతలం మీద ఉన్న దాని పాదం నుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. ఆ లెక్కన ఎవరెస్టు కంటే పొడవైన కొండ. మౌనా లోవా ఎత్తులో దానికంటే కాస్త తక్కువ, పరిమాణంలో చాలా ఎక్కువ. దాని బరువుకు కిందనున్న సముద్రతలమే దాదాపు 8 కిలోమీటర్లు కుంగింది. ఆ కుంగుడు ఈనాటికీ ఆగలేదు. హీలో రేవులో నీటిమట్టం కొలతల ప్రకారం దీవి ఏటా సుమారు రెండున్నర మిల్లీమీటర్లు దిగుతోంది. పైన లావా పేరుకుంటూ ఉంటే అడుగు నేల కుంగుతూ ఉంటుంది. ఎదిగే వయసులోనే మునక మొదలైందన్నమాట.

ఇంత పెద్ద కొండ అయినా మౌనా లోవా దూరం నుంచి పర్వతంలా కనిపించదు. పొడవాటి, మెత్తని వాలుతో ఆకాశం అంచున పళ్లెం బోర్లించి పెట్టినట్టుంటుంది. కారణం దాని లావా స్వభావం. బసాల్ట్ లావాలో సిలికా తక్కువ, అందువల్ల పలచన ఎక్కువ. 1,150 డిగ్రీల సెల్సియస్ పైన ఉండే ఆ ద్రవంలోంచి వాయువులు తేలిగ్గా బయటపడతాయి. లావా భయంకరంగా పేలడానికి బదులు పారుతుంది. పారిన ప్రతిసారీ పలచటి పొర, పొర మీద పొర. అందుకే హవాయి అగ్నిపర్వతాలను మనిషి దగ్గరగా వెళ్లి చూడగలుగుతున్నాడు. థామస్ జాగర్ 1912లో కిలవేయా అంచున పరిశీలన కేంద్రం పెట్టగలిగిందీ, అక్కడ వందేళ్లకు పైగా ఎడతెగని పరిశీలన సాగుతున్నదీ ఆ స్వభావం వల్లే.

కిలవేయా ప్రపంచంలో అత్యంత చురుకైన అగ్నిపర్వతాల్లో ఒకటి. 1983లో మొదలైన ఉద్గారం 35 ఏళ్లు సాగింది. 2018 వేసవిలో శిఖరం కింద ఉన్న శిలాద్రవం తూర్పు వైపు పగుళ్లలోకి జారి, జనావాసాల మధ్యనే నేల చీల్చుకుని బయటికొచ్చింది. 700కు పైగా ఇళ్లు పోయాయి. సముద్రంలోకి పారిన లావా దాదాపు మూడున్నర చదరపు కిలోమీటర్ల కొత్త నేలను కట్టింది. అదే సమయంలో, అడుగున ఆధారం పోయిన హలెమౌమౌ గుంట వందల మీటర్లు కూలిపోయింది. 2019లో ఆ గుంట అడుగున నీళ్లు ఊరి చెరువు ఏర్పడింది. 2020 డిసెంబరు 20 రాత్రి లావా ఎగదన్ని ఆ చెరువును ఆవిరి చేసింది. 2024 డిసెంబరు 23న మొదలైన ఉద్గారం మరో రకం. లావా కొన్ని గంటలపాటు ఫౌంటెన్‌లా ఎగసి, రోజుల తరబడి ఆగి, మళ్లీ ఎగసింది. కొన్నిసార్లు ఆ ధార 300 మీటర్ల ఎత్తు దాటింది. పొరుగున మౌనా లోవా 38 ఏళ్ల మౌనం తర్వాత 2022 నవంబరు 27న రేగి, పక్షం రోజుల లోపే చల్లబడింది.

ఉద్గారం లేని రోజున కూడా 1916లో ఏర్పడిన అగ్నిపర్వతాల జాతీయ ఉద్యానవనం చూడదగ్గదే. ఆ మాటకొస్తే నేర్చుకోవాలనుకునేవారికి నిశ్శబ్దంగా ఉన్న రోజే మేలు. కిలవేయా ఈకి అనే గుంటలో 1959లో లావా 500 మీటర్ల పైకి ఎగసి, అడుగున సరస్సులా నిలిచిపోయింది. పైన గట్టి పెంకు కట్టినా లోపల పూర్తిగా గడ్డకట్టడానికి దాదాపు 35 ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ సరస్సు మీదుగా కాలిబాట ఉంది. పగుళ్లలోంచి అక్కడక్కడా ఆవిరి వస్తుంటుంది. దగ్గర్లోనే నాహుకు అనే లావా సొరంగం ఉంది. పారే లావా పైభాగం ముందుగా గడ్డకట్టి కప్పులా మారితే, లోపలి లావా వేడి కోల్పోకుండా చాలా దూరం పారుతుంది. చివరకు ధార ఆగిపోయి సొరంగం ఖాళీ అవుతుంది. ఇదే దీవిలోని కజుమురా సొరంగం 65 కిలోమీటర్ల పొడవుతో ప్రపంచంలోనే అతి పొడవైన లావా సొరంగంగా పేరుపొందింది.

లావా మీద నడిచేటప్పుడు రెండు రకాల నేల తగులుతుంది. నున్నగా, మడతలు పడి, చుట్టలు చుట్టుకున్నది పాహోయిహోయి. గరుకుగా, ముక్కలు ముక్కలుగా, బూటు అడుగును కోసేలా ఉండేది ఆఆ. ఈ రెండూ హవాయి భాషలోని పేర్లే. ఇప్పుడు ప్రపంచంలోని భూవిజ్ఞానులందరూ, దక్కన్ లావాను చదివేవారితో సహా, ఇవే వాడుతున్నారు. రెండింటి రసాయన కూర్పులో తేడా లేదు. లావా చిక్కబడేకొద్దీ, వాలులో వేగంగా లాగబడేకొద్దీ పాహోయిహోయి కాస్తా ఆఆగా మారుతుంది. ఆఆ మళ్లీ పాహోయిహోయి కావడం జరగదు. గాలికి సాగిపోయిన లావా బొట్లు వెంట్రుకల్లాంటి గాజు పోగులై గడ్డి మీద పడుతుంటాయి; వాటికి పెలె జుట్టు అని పేరు. చూడటానికి అందంగా ఉన్నా చేత్తో తాకితే చర్మంలో, గాలికి కంట్లో గుచ్చుకుంటాయి.

తీరంలోని ఇసుక రంగులకూ లావాయే మూలం. వేడి లావా సముద్రాన్ని తాకిన క్షణంలో నల్లటి గాజు ముక్కలుగా పగిలిపోతుంది. పునలూ తీరంలోని నల్ల ఇసుక అదే. దక్షిణ కొసన ఉన్న పాపకోలెయాలో ఇసుక ఆకుపచ్చగా ఉంటుంది. పాత బూడిద గుట్టను అలలు కోసేటప్పుడు, తేలికైన రేణువులు కొట్టుకుపోయి, బరువైన ఆలివిన్ స్ఫటికాలు మిగిలిపోవడంతో ఆ రంగు వచ్చింది.

కొత్త నేల మీదికి ప్రాణం చేరే తీరు ఇక్కడ చూసినంత బాగా మరెక్కడా కనిపించదు. లావా చల్లబడిన కొన్ని నెలలకే, మొక్క మొలవక ముందే, రెక్కల్లేని ఒక జాతి కీచురాయి అక్కడ కాపురం పెడుతుంది. గాలి మోసుకొచ్చిన సేంద్రియ ధూళి దానికి ఆహారం. తర్వాత లైకెన్లు, ఫెర్న్‌లు, వాటితోపాటు ఓహియా చెట్టు. దాని విత్తనాలు ధూళిలా తేలికైనవి. వేళ్లు రాతి పగుళ్లలో లోతుకు దిగుతాయి. అగ్నిపర్వతపు విషవాయువులు వీచినప్పుడు ఆకుల రంధ్రాలను మూసుకునే శక్తి దానికి ఉంది. సముద్రతీరం నుంచి 2,400 మీటర్ల ఎత్తు దాకా, మోకాలెత్తు పొద నుంచి ఆకాశాన్నంటే మాను దాకా ఒకే జాతి ఇన్ని రూపాల్లో కనిపిస్తుంది. హవాయి అడవికి ఇదే వెన్నెముక. 2014లో గుర్తించిన ఒక శిలీంధ్ర రోగం పెద్ద దీవిలో లక్షలాది ఓహియాలను చంపింది. బాటల మొదట్లో బూట్లు తుడుచుకునే బ్రష్‌లు, మందు నీళ్లు పెట్టింది అందుకే. వాటిని దాటేసి పోవడం అడవికి చేసే ద్రోహమే.

నడివయసు దీవులు

హాట్‌స్పాట్ నుంచి జరిగిపోయిన దీవికి కొత్త లావా అందదు. వాన, అలలు, బరువు తమ పని చేసుకుపోతాయి.

మావీలోని హలెయాకలా 3,055 మీటర్ల కొండ. దాని నెత్తిన 11 కిలోమీటర్ల పొడవున, 800 మీటర్ల లోతున ఉన్న పెద్ద పల్లాన్ని అందరూ అగ్నిపర్వత ముఖం అంటారు. నిజానికి అది పేలుడు చేసిన గుంట కాదు. రెండు వైపుల నుంచి వాగులు కోసుకుంటూ వచ్చి శిఖరం దగ్గర కలిసిపోయాయి; ఆ తర్వాత వచ్చిన లావా, బూడిద గుట్టలు దాని అడుగును నింపాయి. ఎరుపు, ఊదా, నలుపు గుట్టల మధ్య వెండిరంగు ఆకులతో గుండ్రటి మొక్క కనిపిస్తుంది. అదే వెండికత్తి మొక్క, అహినహినా. రెండు మూడు పదుల ఏళ్లు, ఒక్కోసారి తొంభై ఏళ్లు ఎదిగి, మనిషెత్తు పూలకాండాన్ని ఒకే ఒక్కసారి వేసి చనిపోతుంది. ఒకప్పుడు మేకలు మేసి, సందర్శకులు సరదాకు పీకి దాన్ని అంతరించే దశకు తెచ్చారు. దాని పూర్వీకురాలు కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఓ చిన్న పూలమొక్క. ఆ ఒక్క మొక్క సంతతే దీవి దీవికీ మారుతూ చెట్లు, తీగలు, పొదలు, పరుపులాంటి మొక్కలుగా 30 దాకా జాతులైంది.

పన్నెండు లక్షల ఏళ్ల క్రితం మావీ, మొలోకాయి, లనాయి, కహోలావె ఒకే దీవి. ఇప్పటి పెద్ద దీవి కంటే అది పెద్దది. నేల కుంగి సముద్రం లోయల్లోకి రావడంతో నాలుగుగా విడిపోయింది. మునిగిన ఆ భూమి మీది లోతు తక్కువ నీళ్లలోకే అలాస్కా నుంచి వేలాది హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలంలో ఈనడానికి వస్తాయి. డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా మావీ పడమటి ఒడ్డున నిలబడితే, పడవ ఎక్కకుండానే అవి ఎగిరి పడటం కనిపిస్తుంది.

దీవులు మెల్లగానే కాదు, ఒక్కసారిగానూ కూలుతాయి. మొలోకాయి ఉత్తర తీరంలో వెయ్యి మీటర్ల ఎత్తున నిలువుగా నిలిచిన కొండచరియలు ప్రపంచంలోని అతి ఎత్తైన సముద్రపు చరియల్లో చేరతాయి. తూర్పు మొలోకాయి అగ్నిపర్వతంలో ఉత్తర సగం సుమారు పదిహేను లక్షల ఏళ్ల క్రితం సముద్రంలోకి జారిపోగా మిగిలిన అంచు అది. ఓఆహులోని కోఓలావ్ కొండల గోడ కూడా అలా జారిపోగా మిగిలినదే. జారిపోయిన శిథిలాల్లో ఒక ముక్క 30 కిలోమీటర్ల పొడవుతో ఇప్పటికీ సముద్రతలం మీద కొండలా పడి ఉంది. హోనలులు నుంచి నువువాను పాలి దృశ్యస్థలానికి వెళ్లినవారు నిలబడేది ఆ గోడ అంచునే. నగరం పక్కనున్న డైమండ్ హెడ్ మాత్రం చాలా తర్వాతిది. పైకొచ్చే శిలాద్రవం నీళ్లతో కలిసి పేలి, బూడిదతో కట్టిన ఉంగరం లాంటి గుట్ట. ముసలి దీవిలోనూ అప్పుడప్పుడు ఇలాంటి చివరి రేగుళ్లు ఉంటాయి.

కవాయి: వాన చెక్కిన దీవి

ఈశాన్యం నుంచి ఏడాదిలో అధిక భాగం వీచే వ్యాపార పవనాలు దీవుల వాతావరణాన్ని నిర్ణయిస్తాయి. తేమ గాలి కొండను ఎక్కుతూ చల్లబడి వాన కురుస్తుంది; కొండ దాటాక పొడిగా దిగుతుంది. అందుకే ప్రతి దీవికీ ఈశాన్యం వైపు పచ్చటి అడవి, నైరుతి వైపు ఎండుగడ్డి. కవాయి నడిబొడ్డున 1,569 మీటర్ల వయలెయలె శిఖరం మీద ఏటా 10,000 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది. మేఘాలయలోని మాసిన్‌రామ్ సరసన నిలిచే చోటు ఇది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేది 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ శిఖరానికి పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉన్న కవాయి పడమటి తీరంలో వాన అయిదారు వందల మిల్లీమీటర్లు దాటదు.

యాభై లక్షల ఏళ్లు ఆ వాన చేసిన పని వైమెయా గండి. వెయ్యి మీటర్ల దాకా లోతు. గోడల్లో లావా పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంటాయి. బసాల్ట్‌లోని ఇనుము తుప్పుపట్టి నల్లరాయి ఎర్రబడింది. పెద్ద దీవిలో పుట్టేటప్పుడు చూసిన అదే పాహోయిహోయి, అదే ఆఆ ఇక్కడ అడ్డంగా కోసి చూపించినట్టు కనిపిస్తాయి. ఉత్తరాన నా పాలి తీరంలో అలలు, వాగులు కలిసి 1,200 మీటర్ల దాకా ఎత్తున్న పచ్చని అంచులను చెక్కాయి. అక్కడికి రోడ్డు లేదు. కాలిబాట, పడవ, హెలికాప్టర్ మాత్రమే దారులు. హవాయిలో ఒక్క దృశ్యమే ఎంచుకోమంటే దీన్ని ఎంచుకోవాలి.

ఈ అరుగుదల పిట్టల ప్రాణాల మీదికి కూడా వచ్చింది. హవాయిలో హనీక్రీపర్లు అనే చిన్న అడవి పిట్టలున్నాయి. వీటి పూర్వీకులు ఆసియా నుంచి వచ్చిన రోజ్‌ఫించ్‌ల జాతికి చెందినవి. వాటి బంధువైన ఓ రోజ్‌ఫించ్ ఈనాటికీ చలికాలంలో తూర్పు కనుమలకు వలస వస్తుంది. యాభై అరవై లక్షల ఏళ్లలో ఆ ఒక్క గుంపు నుంచి యాభైకి పైగా జాతులు పుట్టాయి. తేనె పీల్చడానికి కొడవలి ముక్కులు, గింజలు పగలగొట్టడానికి చిలక ముక్కులు, బెరడు చీల్చడానికి ఉలి ముక్కులు వచ్చాయి. ఇప్పుడు ఇరవై జాతుల లోపే మిగిలాయి. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఓడల నీటిపీపాలతో దోమలు దీవులకు చేరాయి. ఆ తర్వాత పక్షి మలేరియా వచ్చింది. ఎన్నడూ దోమ ఎరగని పిట్టలకు ఒక్క కాటు చాలు. చలికి దోమ, పరాన్నజీవి బతకలేని 1,500 మీటర్ల పై అడవుల్లోనే పిట్టలు మిగిలాయి. మావీకి, పెద్ద దీవికి అలాంటి ఎత్తు ఉంది. అరిగి పొట్టిదైన కవాయికి లేదు. దాని అతి ఎత్తైన శిఖరం 1,600 మీటర్లు కూడా చేరదు. వేడి పెరిగేకొద్దీ దోమలు అక్కడి చివరి అడవి దాకా ఎక్కాయి. కవాయికే చెందిన అకికికి అనే పిట్ట అడవిలో దాదాపు కనుమరుగైంది. మిగిలినవి పంజరాల్లో పెరుగుతున్నాయి. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం అంతరించాయని ప్రకటించిన 21 జాతుల్లో ఎనిమిది హవాయి పిట్టలే. ఆడదోమలతో కలిసినా పిల్లలు పుట్టనివ్వని బాక్టీరియా ఉన్న మగదోమలను అడవుల మీద వదిలే ప్రయత్నం ఇప్పుడు జరుగుతోంది. ఆ పిట్టలకు మిగిలిన అవకాశం బహుశా అదొక్కటే.

ఆశ లేకపోలేదు. రాష్ట్ర పక్షి నేనె అనే బాతు 20వ శతాబ్దం మధ్యకు ముప్ఫై దాకా తగ్గిపోయి, పెంపకంతో వేలకు పెరిగింది. కవాయి పచ్చిక బయళ్లలో ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది.

ముగింపు దశ: పగడాలు మోసే దీవులు

కవాయి దాటాక నీహోవా, మొకుమానమానా అనే రెండు రాతి దీవులు, తర్వాత నీళ్లపై నిలిచిన కొన్ని బండలు. గార్డ్‌నర్ బండల తర్వాత అగ్నిపర్వతపు రాయి ఇక బయటికి కనిపించదు. అక్కడి నుంచి దీవులను మోసేవి పగడాలు.

కుంగిపోయే అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పైకి పెరుగుతూ పోతే, కొండ మునిగాక వలయం మిగులుతుందని చార్లెస్ డార్విన్ 1842లో వివరించాడు. 1965లో మిడ్‌వేలో తవ్వినప్పుడు వందల మీటర్ల సున్నపురాయి కింద బసాల్ట్ తగిలింది. డార్విన్ చెప్పింది అక్కడ రాతిలోనే రుజువైంది. పగడం పెరుగుదలకు వెచ్చని నీళ్లు కావాలి. వరుస ఉత్తరానికి పోయేకొద్దీ నీళ్లు చల్లబడి పెరుగుదల మందగిస్తుంది. కూరె దగ్గర పెరుగుదల, మునక దాదాపు సమానంగా ఉంటాయి. ప్రపంచంలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న పగడపు వలయం అదే. ఆ హద్దుకు శాస్త్రవేత్తలు డార్విన్ పాయింట్ అని పేరు పెట్టారు. దాన్ని దాటిన దీవులన్నీ మునిగిపోయినవే.

దీవి మునిగినా దాని మీది జీవం అంతా మునగదు. హవాయిలో దాదాపు వెయ్యి జాతుల పండుటీగలున్నాయి. వాటి జన్యువుల లెక్కన ఆ వంశం సుమారు 2 కోట్ల 50 లక్షల ఏళ్లనాటిది. ఇప్పుడున్న పెద్ద దీవుల్లో ఏదీ అంత పాతది కాదు. పాత దీవి కుంగుతుండగా పక్కన లేచిన కొత్త దీవికి గాలివాటున చేరుతూ ఆ ఈగలు వచ్చాయి. వాటి మొదటి ఇల్లు ఇప్పుడు నీటి కింద ఉంది.

ఈ వాయవ్య దీవులను 2006లో పాపహానౌమొకువాకేయా పేరుతో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 2016లో విస్తరించాక వైశాల్యం 15 లక్షల చదరపు కిలోమీటర్లు దాటింది. లేసాన్ ఆల్బట్రాస్‌లలో అత్యధిక భాగం మిడ్‌వేలోనే గూళ్లు పెడతాయి. 1956లో కాలికి ఉంగరం వేసిన విజ్డమ్ అనే ఆల్బట్రాస్, కనీసం 74 ఏళ్ల వయసులో 2024 చివర మళ్లీ గుడ్డు పెట్టింది. అదే చోట సముద్రం నుంచి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్‌ను తల్లులు ఆహారమనుకుని పిల్లల నోట పెడుతున్నాయి. హవాయి ఆకుపచ్చ తాబేళ్లలో నూటికి తొంభై పైగా గుడ్లు పెట్టేది లాలో పగడపు వలయంలో. అక్కడి ఈస్ట్ ఐలండ్ అనే ఇసుక దీవిని 2018 అక్టోబరులో వలాకా తుఫాను ఒక్క రాత్రిలో దాదాపు తుడిచేసింది.

ప్రయాణికులకు

ఉద్గారం ఎప్పుడు ఉంటుందో ముందుగా టికెట్ కొనలేం. పరిశీలన కేంద్రం రోజూ ఇచ్చే సమాచారం చూసి బయల్దేరాలి. అగ్నిపర్వతపు గంధక వాయువులతో గాలి మసకబారినప్పుడు ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు దూరంగా ఉండాలి. మౌనా కేయాకు సముద్రతీరం నుంచి కారులో రెండు గంటల్లో చేరవచ్చు. శరీరం అంత త్వరగా అలవాటు పడదు. 2,800 మీటర్ల దగ్గరున్న సందర్శకుల కేంద్రంలో కనీసం అరగంట ఆగాలి. స్కూబా డైవింగ్ చేసిన మరునాటి దాకా ఆ కొండ ఎక్కకూడదు. హవాయి మూలవాసులకు అది పవిత్ర స్థలం. ఆ మర్యాద పాటించాలి. హలెయాకలాలో సూర్యోదయానికి, కవాయి ఉత్తరాన హాఎనా ఉద్యానవనానికి ముందే నమోదు చేసుకోవాలి. ఆక్సీబెంజోన్, ఆక్టినొక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని పగడాల కోసం 2021 జనవరి 1 నుంచి నిషేధించారు. ఇంటి నుంచి తెచ్చుకునేవారు కూడా డబ్బా వెనుక చూసుకోవాలి. ఒడ్డున పడుకున్న సీల్‌ను, తాబేలును దూరం నుంచే చూడాలి. జాతీయ ఉద్యానవనం నుంచి రాయి గానీ ఇసుక గానీ తీసుకెళ్లడం నేరం.

మిడ్‌వే, కూరెలకు ఇప్పుడు యాత్రికులను అనుమతించడం లేదు. ఆ పక్షులకు అదే మంచిది. మిగిలిన దీవుల్లో వారం రోజులే సమయం ఉన్నవారు నాలుగు దీవుల్లో పరుగులు పెట్టకుండా రెండింటిలోనే ఉండటం మేలు: ముందు పెద్ద దీవి, తర్వాత కవాయి.